బండి ఱ, మామూలు ర

ఉదయం లేచేసరికి కిటికీ బయట పొగమంచు తప్ప ఇంకేమీ లేదు. ఎదురింటి మేడ లేదు, వీధి లేదు, వీధి చివరి మలుపు లేదు. ఆ తెల్లదనంలో ఎక్కడో ఒక వీధి దీపం మాత్రం, తడి కాగితం మీద పడిన పసుపు రంగు చుక్కలా అంచులు కరిగిపోతూ వెలుగుతోంది. పొడక్షరం పక్క మీద కూర్చుని చాలాసేపు దాన్నే చూశాడు. ఆ దీపం ఎప్పుడు వెలగాలో, ఎంత వెలగాలో, ఎప్పుడు ఆరాలో చెప్పేది అతను రాసిన ప్రోగ్రామే. ఊళ్ళో దీపాలన్నిటికీ అంతే. పొద్దున్నే ఒక్కసారి ఆ సంగతి తల్చుకుంటే గానీ అతనికి మంచం దిగబుద్ధి కాదు.

పొడక్షరం అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, ఆఫీసులో పెట్టిన పేరు. ప్రోగ్రాం రాసేవాళ్ళు అందులో వచ్చే ప్రతి లెక్కకూ ఏదో ఒక పేరు పెట్టుకోవాలి. వేళను వేళ అనీ, వెలుగును వెలుగు అనీ పిలుచుకుంటే తర్వాత చదివేవాళ్ళ ప్రాణం హాయిగా ఉంటుంది. మనవాడికి అంతంత పేర్లు రాయడానికి చేతులు రావు. అన్నిటికీ తలా ఒక్క అక్షరమే. కొన్నేళ్ళ కిందట ఈ దీపాల ప్రోగ్రాం రాస్తుంటే సగంలోనే ఇంగ్లీషు అక్షరాలన్నీ అయిపోయాయి. అతను ఏమాత్రం తడుముకోకుండా తెలుగు వర్ణమాలలోకి దిగి, అ ఆలు మొదలుకొని బండి ఱ దాకా ఊడ్చేశాడు. ఆ రోజుల్లో అతనొక మైకంలో ఉండేవాడు. కళ్ళు తెరుచుకునే కలగంటున్నట్టు ఉండేది, వేళ్ళు వాటంతట అవే కదిలేవి. ఆ రాసినది తను తప్ప ఇంకెవరూ ముట్టుకోలేరన్నదే అతని గర్వం, ధైర్యం, ఉద్యోగానికి ఉన్న భద్రతాను.

అతని భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. సాయంత్రం నది ఒడ్డున కాసేపు నడుద్దామని ఆమె అడగడం, ఓ తప్పకుండా అని అతను అనడం, తీరా చీకటి పడేవేళకు ఆఫీసు నుంచి కదల్లేనని ఫోన్ చేయడం వాళ్ళ కాపురంలో ఒక పద్ధతిగా స్థిరపడిపోయాయి. ఆవేళ ఆమె చెప్పులు వేసుకుంటూ చాలా మామూలుగా అంది.

"ఇవాళ నేను ఫోన్ చేసి అడగను. చీకటి పడేసరికి ఒడ్డున బెంచీ మీద కూర్చుని ఉంటాను. వస్తే వస్తారు, లేకపోతే లేదు."

ఆ గొంతులో కోపం లేకపోవడమే అతన్ని భయపెట్టింది. ఏది ఏమైనా సరే, పొద్దు వాలకముందే ఆఫీసు నుంచి బయటపడాలని గట్టిగా అనుకుని బయలుదేరాడు.

ఆఫీసు ఒక పాత భవనంలో పై అంతస్తు. కిటికీల్లోంచి చూస్తే ఊరంతా కనిపిస్తుంది. ఆవేళ మాత్రం ఊరు లేదు, తెల్లగా నిండిన ఒక గిన్నె ఉంది. అతను సంచీ కిందపెట్టకముందే మేనేజరు ఎదురొచ్చింది. ఆవిడ దృష్టిలో ఈ ప్రపంచంలో పెద్ద పనులంటూ ఏవీ లేవు, అన్నీ చిన్న మార్పులే. మంచు మూలంగా నది ఒడ్డు దారి చీకటిగా ఉంటోందట, అక్కడి దీపాలు మిగతావాటికంటే పావుగంట ముందు వెలగాలని నగరపాలక సంస్థ లైట్ల ఇంజనీరు అడిగాడట. వచ్చే ఏడాది కూడా దీపాల పని వీళ్ళకే ఇవ్వాలా వద్దా అన్నది ఆ వారంలోనే తేలబోతోంది కనుక, ఇవాళే అయిపోతే మంచిదట. పొడక్షరం చేత్తో గాలిలో ఈగను తోలినట్టు చేసి, అదెంతసేపు అన్నాడు.

వెళ్ళి ఫైలు తెరిచాడు. చూశాడు. మూసి, మళ్ళీ తెరిచాడు. "ఱ = గ + (ఙ - ౠ)" అని ఉంది. ఆ వరస రాసినప్పుడు కిటికీ మీద వాన పడుతున్న చప్పుడు అతనికి బాగా గుర్తుంది. పక్క గదిలో ఎవరో ఈల వేసుకుంటున్నారని కూడా గుర్తుంది. ఆ ఙ ఏమిటో మాత్రం గుర్తులేదు. నది ఒడ్డుకు ఏ అక్షరం పెట్టాడోనని కిందికి వెళ్ళాడు, పైకి వచ్చాడు. తను కట్టిన ఇంట్లోనే తలుపు ఎటుందో తెలియక గోడలు తడుముకుంటున్నట్టుంది. అక్షరాలన్నీ అతనివే, చేతిరాత మాత్రం ఎవరో దూరపు చుట్టానిదిలా కనిపించింది.

ఆ మాట పైకి అనే మనిషి కాదు గనుక మెల్లగా లేచి, ఆఫీసులో వివరం అని పేరుపడ్డ తోటి ఉద్యోగి దగ్గరికి వెళ్ళాడు. వివరం ఇంకో రకం. అతను ప్రోగ్రాం ఒక పలుకు రాస్తే దాని మీద వ్యాఖ్యానం ఒక పేజీ రాస్తాడు. ఒకప్పుడు మేనేజరు చెప్పగా ఈ దీపాల ఫైలుకు కూడా వ్యాఖ్యానం రాశాడు. "ఇక్కడ గకు ఙ కలిపి అందులోంచి ౠ తీసివేయుచున్నాము" అని ఒకచోట, ఆ తర్వాత తీసివేత అంటే ఏమిటో ఒక పేరా, సంధ్యాసమయం మనిషి మనసు మీద చూపే ప్రభావం గురించి ఇంకో మూడు పేరాలు ఉన్నాయి. ఆ అరణ్యంలో వెతగ్గా వెతగ్గా "థ అనగా నది ఒడ్డు" అన్న మాట దొరికింది. పొడక్షరానికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే థను పావుగంట ముందుకు జరిపాడు.

ఏ మార్పు చేసినా ఊరి మీదికి వదిలే ముందు చూసుకోవడానికి ఆఫీసులో ఒక చెక్క పలక ఉంది. దాని నిండా చిన్న చిన్న బల్బులు, ఒక్కో బల్బు ఒక్కో పేటకు గుర్తు. మీట నొక్కితే ముందుగా వెలిగింది నది ఒడ్డు బల్బు కాదు, శ్మశానం దారి బల్బు. నేను రాసినప్పుడు థ అంటే నది ఒడ్డే గురూ, తర్వాత నువ్వే మార్చుంటావు అన్నాడు వివరం. అది నిజమే. మార్చినట్టు పొడక్షరానికి లీలగా గుర్తొచ్చింది. అలా మార్చినప్పుడు తనకు చాలా బలమైన కారణం ఉండేదని కూడా గుర్తొచ్చింది.

మధ్యాహ్నం దాటింది. మంచు పలచబడి ఊళ్ళో ఇంటి కప్పులు కొన్ని తేలాయి. ఇక గత్యంతరం లేక అతను శుభ్రం వైపు చూశాడు. ఆ అమ్మాయి ఆఫీసులో చేరి ఏడాది కాలేదు. ఇతరులు రాసిన ప్రోగ్రాం కంటపడితే సర్దకుండా ఉండలేదు. ఎక్కడైనా ఒక ఖాళీ ఎక్కువైతే ఆమెకు కాలిలో ముల్లు దిగినట్టుంటుంది. దీపాల ఫైలు ఒక్కసారి చూపించమని ఎన్నోసార్లు అడిగింది, అతను ఎన్నడూ చూపించలేదు. ఇవాళ పెద్దరికంగా గొంతు సవరించుకుని, నేర్చుకుంటావనే ఇస్తున్నాను, నది ఒడ్డు ఏ అక్షరమో నీ అంతట నువ్వు కనిపెట్టి పావుగంట ముందుకు జరుపు చూద్దాం అని పరీక్ష పెట్టినట్టు చెప్పి, మేనేజరు పిలిచిన మీటింగుకు వెళ్ళిపోయాడు. చిన్న మార్పుల గురించి ఆ మీటింగు చాలా పెద్దగా జరిగింది.

శుభ్రం నిజంగానే తెలివైన పిల్ల. కాసేపట్లోనే నది ఒడ్డు అంటే ణ అని పట్టుకుని, జరపవలసింది జరిపింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ ఫైలు చేతిలో ఉంది, పక్కన ఎవరూ లేరు, సాయంత్రపు ఎండ బల్ల మీద మెత్తగా పడుతోంది. వరసలు సరిచేసింది. ఖాళీలు తీసేసింది. అదే అరలో "కొత్తది", "అసలు కొత్తది", "చివరిది", "చివరి చివరిది", "ఇదే" అని దీపాల ఫైలుకే పాత నకళ్ళు కనిపిస్తే, చిందరవందరగా ఉన్నాయని "చివరిది" ఒక్కటి ఉంచి మిగతావన్నీ చెరిపేసింది. ఆ తర్వాత ఇంకొక్కటంటే ఒక్కటి సర్దింది.

పొడక్షరం తిరిగొచ్చేసరికి పలక సిద్ధంగా ఉంది. మీట నొక్కితే నది ఒడ్డు బల్బు ముందు, మిగతావి వెనక, అన్నీ ఒక్క క్షణం ముచ్చటగా వెలిగి ఆరాయి. అతను తృప్తిగా తలాడించి, మార్పును ఊరి మీదికి పంపే మీట తనే నొక్కి, చూశావా ఎంత తేలికో అని ఆ అమ్మాయితో అని, సంచీ భుజాన వేసుకున్నాడు. మెట్లు సగం దిగాడో లేదో లైట్ల ఇంజనీరు నుంచి ఫోన్ వచ్చింది.

"దీపాలు వెలిగాయి సార్. నది ఒడ్డున ముందే వెలిగాయి, అదంతా బాగానే ఉంది. కానీ..."

"కానీ?"

"ఆరిపోతున్నాయి సార్. మళ్ళీ వెలుగుతున్నాయి. ఎలా చెప్పాలో తెలీట్లేదు. ఊపిరి తీసుకుంటున్నట్టుంది."

అతను మళ్ళీ పైకి పరిగెత్తాడు. మేనేజరు, వివరం, శుభ్రం ముగ్గురూ అప్పటికే కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. బయట ఊరు నీలంగా మారుతోంది. ఒక వీధి మెల్లగా, నిద్రలోంచి లేస్తున్నట్టు వెలిగి, నిండుగా అయి, మళ్ళీ మెల్లగా వాడిపోయింది. అది వాడేలోగా పక్క వీధి లేచింది. అది వాలేలోగా అవతలి వీధి. మిగిలిన మంచులో ఆ వెలుగు ఇంటి కప్పుల మీదుగా అలలా నడిచి, నది దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వస్తోంది. కాసేపు నలుగురూ తాము ఎవరో, ఏ ఉద్యోగం చేస్తున్నారో మరిచిపోయి చూశారు.

ముందు తేరుకున్నది శుభ్రమే.

"ఒకటి చెప్పాలి అన్నా. ఫైల్లో పాత ఱ కనిపించింది. ఇప్పుడెవరూ రాయట్లేదు కదా, అచ్చుతప్పేమో అనుకున్నా. అన్నీ మామూలు ర చేసేశాను."

ఆ క్షణాన పొడక్షరానికి వానాకాలం మొత్తం గుర్తొచ్చింది. ర అంటే నిమిషంలో నడుస్తున్న సెకండు. ఱ అంటే దీపం ఎంత వెలగాలో ఆ వెలుగు. ఆ రెండూ ఇప్పుడు ఒకటైపోయాయి. అందుకే సెకండు పెరిగినకొద్దీ వెలుగు పెరుగుతోంది, నిమిషం నిండగానే సెకండు మళ్ళీ సున్నాకు వస్తుంది గనుక దీపమూ, ఒక్కసారిగా ఆరే రకం కాదు కాబట్టి మెల్లగా, సున్నాకు జారుతోంది. ఒక్కో వీధిలో లెక్క ఒక్కో క్షణాన మొదలవుతుంది గనుక అలలాగా ఉంది. ఇదంతా ఎంత స్పష్టంగా అర్థమైందో, ఏ ర మామూలు రగా పుట్టిందో, ఏది నిన్నటిదాకా బండి ఱగా ఉండేదో విడదీయడం తన తరం కాదని కూడా అంత స్పష్టంగానే అర్థమైంది.

శుభ్రం కంగారులో రలన్నిటినీ ఱలు చేసి చూసింది. ఒకటైపోయినవి ఏ పేరుతో పిలిచినా ఒకటే గనుక దీపాలేమీ పట్టించుకోలేదు. పోనీ మిగిలిన పాత నకలు ఎక్కిద్దామంటే, "చివరిది" అన్నది అన్నిటికంటే మొదట రాసినదని తేలింది. అది ఎక్కించగానే ఊరు పడమటి వైపు మొత్తం మాయమైపోయింది. గబగబా దాన్ని దించి మళ్ళీ ఊపిరి తీసుకునే దీపాలనే తెచ్చుకున్నారు. వివరం ఒక మూల కూర్చుని, జరిగినదాని పూర్వాపరాలు రాసిపెట్టడం మొదలుపెట్టాడు.

ఈలోగా మేనేజరు ఫోన్‌లో లైట్ల ఇంజనీరుకు ధైర్యం చెబుతూ, కంగారు పడకండి, అదొక ప్రయోగం అంది. ఇంజనీరు తన నెత్తి మీదికి రాకుండా మేయరమ్మ కార్యాలయానికి ఫోన్ చేసి, అదొక ప్రదర్శన అన్నాడు. అక్కడివాళ్ళు తమకు ముందే తెలుసన్నట్టు ఉండాలని, నది ఒడ్డున ఇవాళ దీపాల ప్రదర్శన, అందరూ ఆహ్వానితులే అని ఊరంతటికీ చాటారు. చివరికి పొడక్షరం తల గోక్కుని, వెలుగును ఒక్క అంకె దగ్గర బిగించేస్తే దీపాలు మామూలుగా ఉంటాయి, తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం అని దారి కనిపెట్టేసరికి మేనేజరు అతని చెయ్యి పట్టుకుని ఆపేసింది. మేయరమ్మ బయలుదేరారట. ఇప్పుడు దీపాలు మామూలుగా వెలిగితే కొంప మునుగుతుంది. నువ్వు వెళ్ళి ఆవిడ పక్కన నిలబడి అది ఎలా పనిచేస్తుందో వివరించు అని అతన్ని తరిమింది.

అలా అతను పెళ్ళాన్ని కలుసుకోవడానికి ఆఫీసు పని మీద నది ఒడ్డుకు వెళ్ళాడు.

ఒడ్డు నిండా జనం. కానీ జనం చేసే చప్పుడు లేదు. పిల్లలు పెద్దల భుజాల మీద కూర్చున్నారు. పక్కపక్క ఇళ్ళలో ఉంటూ ఎన్నాళ్ళుగానో మాటల్లేనివాళ్ళు కూడా ఒకే గోడకు ఆనుకుని నిలబడ్డారు. దీపాలు వాడిపోయినప్పుడు ఊరి మీద ఆకాశం కిందికి దిగి, వీధి దీపాల మూలంగా ఇన్నేళ్ళూ ఎవరికీ కనిపించని నక్షత్రాలు నీళ్ళలో కనిపించేవి. దీపాలు లేచినప్పుడు అందరి ముఖాలూ ఒక్కసారి బంగారు రంగులోకి వచ్చేవి. బెంచీ మీద అతని భార్య ఒక పక్కకు జరిగి కూర్చుని ఉంది. అతనొచ్చి కూర్చున్నా తల తిప్పలేదు.

"ఇది మీరు చేసిందేనా?"

"నేను చేసిందే." ఒక వీధి వాడి, మరో వీధి లేచింది. "ఎలా చేశానో నాకే తెలీదు. నేను రాసింది నేనే చదవలేకపోతున్నాను."

ఇన్నేళ్ళలో ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు. అన్నాక భుజాల మీద నుంచి ఏదో దిగినట్టనిపించింది. ఆమె అప్పుడు అతని వైపు తిరిగి, దుకాణంలో ఎవరి కళ్ళకైనా అద్దం పెట్టి చూసేటప్పటిలా నిదానంగా చూసింది.

"మా దగ్గరికి వచ్చేవాళ్ళూ అంతే. దూరానివన్నీ బాగానే కనిపిస్తాయంటారు. చేతిలోదే మసగ్గా ఉందంటారు. దానికేం భయం లేదు, కుదురుతుంది."

మేయరమ్మ వచ్చింది. ఇంజనీరు పొడక్షరాన్ని ముందుకు తోశాడు. ఇంత అందమైన ఆలోచన ఎలా వచ్చిందో చెప్పమని ఆవిడ అడిగింది. అతను వెనక్కి తిరిగి బెంచీ వైపు ఒకసారి చూసి, ఇది ఆలోచన కాదమ్మా, పొరపాటు, ఎలా జరిగిందో మాకు సరిగ్గా తెలీదు అన్నాడు. ఇంజనీరు ముఖం దీపంతో పాటే వాడిపోయింది. మేయరమ్మ మాత్రం చాలా సంతోషించి, గొప్పవాళ్ళు ఇలాగే మాట్లాడతారని పక్కవాళ్ళకు చెప్పింది. వచ్చే ఏడాది దీపాల పని వీళ్ళకే ఇస్తున్నట్టు అక్కడే ప్రకటించేసింది.

మర్నాడు పొడక్షరం తనంతట తనే మేనేజరు దగ్గరికి వెళ్ళి, అందాకా వెలుగును ఒక్క అంకె దగ్గర బిగించి ఉంచి, దీపాల ప్రోగ్రాం మొత్తం మళ్ళీ రాస్తానన్నాడు. ఇది చిన్న మార్పు కాదు, పెద్దదే అని కూడా అన్నాడు. శుభ్రాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో అక్షరాన్ని కూర్చోబెట్టి ఊరూ పేరూ అడిగాడు. ఙ అంటే మబ్బు పట్టిన రోజు వెలుగులో చేయవలసిన సవరణ అని ఒకరోజు తెలిసింది, ఇద్దరూ టీ తాగి పండగ చేసుకున్నారు. అతను పేర్లు పూర్తిగా రాయడం నేర్చుకున్నాడు. ఆమె ఏదైనా సర్దే ముందు అడగడం నేర్చుకుంది. పక్కవాడికి తెలిసే పేరు పెట్టినచోట వ్యాఖ్యానం అక్కర్లేదని వివరానికి నచ్చజెప్పడానికి మాత్రం చాలా పట్టింది. ఆ మాటకు వివరం ఎదురు వ్యాఖ్యానం రాశాడు. అంతా అయ్యాక పొడక్షరం ఒక పేజీ ఇంటికి తీసుకెళ్ళి భార్యకు చూపించాడు. ఆమె చదివి, నది ఒడ్డున పొద్దు వాలకముందు ఎంత వెలుగుండాలో రాశారు, అంతేగా అంది. అతనికి ఆ రాత్రి నిద్ర హాయిగా పట్టింది. కలలు కూడా పూర్తి పేర్లతో వచ్చాయి.

ఊళ్ళో దీపాలు వేళకు వెలిగి, వేళకు ఆరడం మొదలైంది. నెల తిరక్కముందే మేయరమ్మ కార్యాలయం నుంచి కబురొచ్చింది. జనం అడుగుతున్నారట, ఆ దీపాల ప్రదర్శన మళ్ళీ ఒకసారి కావాలట. ఇప్పుడు భయపడేదేముంది. అన్నీ అందరికీ తెలిసిన పేర్లే. శుభ్రం కాసేపట్లో రాసింది, పొడక్షరం చదివి చూశాడు, వివరం కూడా చదివి చెప్పడానికేమీ లేదని బాధపడ్డాడు. పలక మీద ఒక్క క్షణం కాకుండా ఈసారి గంటసేపు చూసుకున్నారు. ఎక్కడా తేడా రాలేదు.

చెప్పిన సాయంత్రం ఒడ్డు నిండా జనం చేరారు. దీపాలు లేచాయి, నిండాయి, వాడాయి. అల నదిదాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది. లెక్క ప్రకారం జరగవలసినదంతా లెక్క ప్రకారం జరిగింది. జనం మర్యాదగా చూశారు, కాసేపయ్యాక పిల్లల్ని భుజాల మీద నుంచి దించుకుని, వంటకు ఆలస్యమవుతోందని ఒక్కొక్కరే ఇళ్ళకు వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే లైట్ల ఇంజనీరు ఫోన్ చేసి, అంతా సవ్యంగానే ఉంది గానీ జనానికి మరీ అర్థమైపోతున్నట్టుందని, వచ్చేసారి కొంచెం అర్థం కాకుండా రాయగలరేమో కనుక్కోమని మేయరమ్మ చెప్పిందన్నాడు.